మడతపడని చేయి

ఆ పొద్దున ఆకాశంలో సూర్యుడు ఎక్కడున్నాడో తెలియలేదు. మబ్బు పట్టిందనడానికి లేదు, మంచు కురుస్తోందనడానికీ లేదు. ఉతికిన దుప్పటి ఒకటి ఊరి మీద పరిచినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే తెలుపు. గాలి లేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి అమ్మమ్మ కిందికి చూసుకుంది. తన నీడ లేదు. గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళకూ లేదు. చెట్టు కింద నేల, చెట్టు లేనిచోట నేల ఒక్కలాగే ఉన్నాయి.

"ఏంటమ్మా, అక్కడే నిలబడిపోయారు? పైన మీ చిట్టి దొరసాని ఎదురుచూస్తూ ఉంటుంది," అన్నాడు వాచ్‌మన్.

"ఎండేది నాయనా ఇవాళ?"

"ఉంటే మాడిపోతున్నామంటారు, లేకపోతే ఏదీ అంటారు. మీతో ఎండకి కూడా చచ్చే చావొచ్చింది."

ఆమె నవ్వి మెట్లెక్కింది. నవ్వింది గానీ, మలుపు దగ్గర మళ్ళీ ఒకసారి కిందికి చూసుకుంది.

అమ్మమ్మ అన్న పిలుపు ఆమెకు కొత్త. మొన్నమొన్నటి దాకా ఆమె వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ. కూతురికి ఏడో నెల నిండకుండానే రక్తపోటు ఎగబాకింది, ఒళ్ళు బిగుసుకుపోయింది. తల్లి దక్కాలంటే బిడ్డను తీసేయాలన్నారు. తీశారు. అల్లుడు బస్సు డ్రైవరు. పెద్ద స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులతో గాలిలో కొలత చూపిస్తూ, "ఇంతే ఉంది అత్తయ్యా, గుప్పెడు," అన్నాడు ఆ రోజు. ఆ మాటే పిల్లకి పేరైంది. గుప్పెడమ్మ.

కూతురు కింది వార్డులోనే ఉంది. బిడ్డను ఇంతవరకు కళ్ళతో చూడలేదు. మధ్యాహ్నం చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్ళవచ్చని డాక్టర్లు ఒప్పుకున్నది ఇవాళే. పొద్దున్నే తల దువ్వించుకుంటూ అంది.

"అమ్మా, నేనొచ్చేదాకా దాన్ని చూసుకో."

"చూసుకోక ఎక్కడికి పోతానే?"

"అలా కాదు. చూసుకుంటానని చెప్పు."

"సరే తల్లీ, చూసుకుంటాను."

ఇంత చిన్న మాట ఇంత బరువుందేమిటా అనుకుంటూనే ఆమె మూడో అంతస్తు ఎక్కింది. మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది, గౌను తొడుక్కుంది, పిల్లల గదిలో అడుగుపెట్టింది.

ఆ గదిలో మొదటి నుంచీ ఆమెకు ఒకటే భయం. అంతమంది పసిపిల్లలున్న గదిలో ఏడుపు లేదు. ముక్కుల్లో గొట్టాలు, గొంతుల్లో బలం లేదు. అద్దాల పెట్టెలో మొహం ముడుచుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది, శబ్దం మాత్రం రాదు. పెట్టెల మీద మందపాటి గుడ్డలు కప్పి ఉంటాయి, వెలుతురు తగలకుండా. మిషన్లు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఒకటి కీచుమంటుంది, ఇంకెక్కడో మరొకటి బదులు పలుకుతుంది.

గుప్పెడమ్మ పెట్టె పక్కన కడ్డీకి బిగించిన చిన్న మిషన్లో ఒక తెల్లటి సిరంజి పడుకోబెట్టి ఉంటుంది. పిల్ల పొట్ట ఇంకా పాలు అరిగించుకోలేదు. అందుకని కొవ్వూ చక్కెరా కలిపిన ఆ తెల్లటి ద్రవాన్ని నేరుగా రక్తంలోకే ఎక్కిస్తున్నారు. కుడి మోచేతి దగ్గర నరంలోంచి దారప్పోగు లాంటి గొట్టం లోపలికి దూరి, భుజం దాటి, గుండె గుమ్మం దాకా వెళ్ళి ఆగుతుందట. పెట్టిన రోజు పెద్ద సిస్టర్ చెప్పింది.

"గుమ్మం దాకానేనా? లోపలికి వెళ్ళకూడదా?" అని అడిగింది అప్పుడు అమ్మమ్మ.

"లోపల పని జరుగుతూ ఉంటుంది కదమ్మా. మీరు వంట చేస్తుంటే ఎవరైనా కాళ్ళకడ్డం వచ్చి నిలబడితే ఊరుకుంటారా?"

"గరిటతో ఒకటి ఇస్తాను."

"గుండె కూడా అంతే."

అలా నవ్వుకున్నారు. కానీ ఆ సిరంజిని చూస్తే అమ్మమ్మకు నవ్వు వచ్చేది కాదు. ఎంతసేపు చూసినా అది కదలదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే తగ్గి ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు మాత్రమే నడిచేది ఏదో ఆ పక్కన కాపురం ఉన్నట్టనిపించేది.

ఆ గదిలో అందరికీ వచ్చిన విద్య గూడు కట్టడం. మెత్తటి గుడ్డలు చుట్టలు చుట్టి పిల్ల చుట్టూ పెట్టాలి, కాళ్ళు పొట్ట దగ్గరికి, చేతులు మూతి దగ్గరికి మడవాలి. కడుపులో ఎలా ఉన్నారో అలా. తల్లులకూ అమ్మమ్మలకూ నాయనమ్మలకూ పెద్ద సిస్టరే నేర్పింది. ఎవరి గూడు బాగుందన్న దాని మీద చిన్న పోటీ కూడా ఉండేది. అమ్మమ్మ చేతి గూడు చూసి సిస్టర్, "మీకిక్కడే ఉద్యోగం ఇప్పిస్తాను, మిషను అమ్మేయండి," అనేది. ఆ మాటకు అమ్మమ్మ పొంగిపోయేది.

ఆ పొద్దున మూత గుడ్డ ఎత్తి చూస్తే గూడు చెదిరి ఉంది. గుప్పెడమ్మ కుడి చేయి బయటికి వచ్చేసి ఉంది. మోచెయ్యి బారుగా చాపి, అరచెయ్యి విప్పి, వేళ్ళు దూరదూరంగా పెట్టి ఉంది. గుమ్మంలో నిలబడి ఎవరినో ఆపుతున్నట్టుంది.

పక్క పెట్టెలో కవలలు. వాళ్ళ నాయనమ్మ నోటికి హద్దు లేదు. తొంగి చూసింది.

"ఏం వదినా, మీ అల్లుడు బస్సు నడుపుతాడుగా. కూతురు చెయ్యెత్తి ఆపుతోంది చూడు. పాపం ఆపకుండా పోయినట్టున్నాడు."

"మీవాళ్ళిద్దరూ ఎక్కడానికి చెయ్యి కూడా ఎత్తలేదు, పడుకున్నారు. ముందు వాళ్ళని లేపు," అంది అమ్మమ్మ. పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ చిట్టి మోచేతిని మెల్లగా వంచి మూతి దగ్గరికి చేర్చింది. గుడ్డ సర్దింది.

మూత దించబోతుంటే చేయి మళ్ళీ బయటికి వచ్చింది. అదే తీరు, అరచెయ్యి ఇటువైపు.

మళ్ళీ మడిచింది. ఈసారి గుడ్డ చుట్టను కాస్త బిగించింది. గుప్పెడమ్మ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు ఇంకా చూడనేరని కళ్ళని అందరూ అంటారు. అవి అమ్మమ్మను దాటి, ఆమె భుజం వెనక ఎవరో ఉన్నట్టు అక్కడ నిలిచాయి. అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. గోడ. గోడకు ఆక్సిజను మీట. అంతే.

"పిచ్చి తల్లీ, అక్కడెవరూ లేరు," అంది గొణుగుతూ. ఎవరికి చెప్పుకుందో ఆమెకే తెలియదు.

రోజూ ఆ వేళకు సిస్టర్ పిల్లను తీసి అమ్మమ్మ గుండెల మీద పడుకోబెట్టేది. తల్లి లేవలేదు కాబట్టి ఆ పని అమ్మమ్మది. తెర వేసి, రవిక విప్పి, వాలు కుర్చీలో కూర్చుంటే పిల్ల ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి, పైన దుప్పటి కప్పుతారు. వైర్లూ గొట్టాలూ అన్నీ పిల్లతో పాటే వస్తాయి.

"చెయ్యి ఊరుకోవట్లేదు సిస్టరూ ఇవాళ."

"హుషారు వస్తోందన్నమాట. లోపలికి మడిచి పట్టుకోండి, వైరు లాక్కుంటుంది," అంటూ సిస్టరే ఆ కుడి చేతిని మడిచి, పిల్ల రొమ్ము కింద చేర్చి, దుప్పటి కప్పి వెళ్ళింది.

అమ్మమ్మకు ఇష్టమైన సమయం అదే. గుప్పెడమ్మ గుండె ఆమె రొమ్ము మీద కొట్టుకునేది. ఎంత వేగమంటే, పండగ ముందు రోజుల్లో పని ముంచుకొచ్చినప్పుడు ఆమె మిషను తొక్కే వేగం. టకటకటకటక. పొడుగాటి కుట్టు. ఆ చప్పుడు వింటూ ఆమె ఎన్నో గౌన్లు మనసులోనే కుట్టేసింది. కుచ్చుల గౌను, బుట్ట చేతుల గౌను, ఆరో ఏటికి ఒకటి, పదో ఏటికి ఒకటి.

ఆ రోజు ఆ మిషను చప్పుడు దూరం జరిగింది.

వేగం తగ్గలేదు. కుట్టు తప్పలేదు. చప్పుడే దూరమైంది. ఎవరో మిషనును ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్ళినట్టు. అక్కడ తలుపు వేసినట్టు. ఆ తలుపు అవతల ఇంకో గది ఉన్నట్టు. అమ్మమ్మ ఊపిరి బిగబట్టి విన్నది. పిల్ల తన రొమ్ము మీదే ఉంది, బరువు తెలుస్తోంది, వెచ్చదనం తెలుస్తోంది. గుండె మాత్రం ఎక్కడికో వెళ్ళిపోతోంది. దుప్పటి కింద చిట్టి చేయి బయటికి రావాలని ఆమె అరచేతిని నెడుతోంది. ఆమె వదలలేదు. సిస్టర్ పట్టుకోమంది కదా.

తర్వాత చేయి నెట్టడం మానేసింది.

"సిస్టరూ," అంది అమ్మమ్మ. "సిస్టరూ! ఇది వెళ్ళిపోతోంది!"

పక్కనున్న మిషను అప్పుడు అరిచింది. తెర పక్కకు పోయింది. పెద్ద సిస్టర్ దుప్పటి లాగింది. పిల్ల తెల్లగా లేదు, నీలంగా లేదు, బూడిద రంగులో ఉంది. క్షణంలో పిల్ల ఆమె చేతుల్లోంచి పెట్టె మీదికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ రవిక గుండీలు కూడా పెట్టుకోకుండా గౌను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. రొమ్ము మీద పిల్ల పడుకున్న మేర ఇంకా తడిగా, వెచ్చగా ఉంది. చుట్టూ చల్లబడుతోంది.

"గొట్టం ఊడిందా?" అంటూ చిన్న డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"లేదు డాక్టర్, ముక్కు గొట్టం సరిగ్గానే ఉంది. ఛాతీ లేస్తోంది. గాలి వెళ్తోంది."

"గాలి వెళ్తుంటే రంగు రాదేంటి?"

సిస్టర్ రెండు బొటనవేళ్ళతో పిల్ల రొమ్మును నొక్కుతోంది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టింది. ఒకచోట విన్నది, జరిపి ఇంకోచోట విన్నది. ఆమె మొహంలో ఏమీ లేదు. పాడుబడిన ఇంటి తలుపుకు చెవి ఆనించి వింటున్న మనిషిలా ఉంది.

"చప్పుడు చాలా దూరంగా ఉంది," అంది.

ఆ మాటకు అమ్మమ్మ తలెత్తి ఆమె వంక చూసింది. తను ఒక్కతే విన్నది కాదన్నమాట.

డాక్టరమ్మ చూపు చేతి గొట్టం మీద పడింది, అక్కడి నుంచి తెల్లటి సిరంజి మీద పడింది. "ఆపండి! అది ఆపేయండి! స్కాను తెండి!" అని అరిచింది.

చక్రాల మిషను వచ్చింది. బొమ్మ తెర మీద పడింది. బూడిద రంగు చుక్కల మధ్య నల్లటి ఉంగరం ఒకటి, ఆ ఉంగరం నడుమ ముడుచుకుపోయిన చిన్న ముద్ద, నీళ్ళలో పడిన పురుగులా వణుకుతోంది. గుండె చుట్టూ ఉండే పల్చటి సంచి నిండిపోయింది. విచ్చుకోవడానికి గుండెకు చోటు లేదు.

డాక్టరమ్మ పిల్ల రొమ్ము నడిమి ఎముక కింద సూది గుచ్చింది. దాని వెనక ఉన్న సిరంజిని లాగింది. అమ్మమ్మ ఎర్రటి రక్తం వస్తుందనుకుంది. కళ్ళు మూసుకోబోయి మూసుకోలేకపోయింది.

వచ్చింది రక్తం కాదు. తెల్లగా ఉంది. పాలలాగా ఉంది.

కవలల నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డకు ఇంతవరకు చుక్క పాలు పట్టలేదు. అయినా గుండె పక్కనుంచి పాలు వస్తున్నాయి. కడ్డీ మీద ఉన్న సిరంజీ తెలుపే, డాక్టరమ్మ చేతిలో నిండుతున్న సిరంజీ తెలుపే. ఇక్కడ తగ్గినదంతా అక్కడికి చేరింది. ఆకలి తీర్చడానికి పోసిన తిండి గుండె చుట్టూ చెరువు కట్టింది.

సిరంజి సగం నిండకముందే మిషను మీద గుండె గీతలు మళ్ళీ ఎత్తుగా లేచాయి. బూడిద రంగు కింద నుంచి ఎరుపు పాకింది. ముందు పెదాల దగ్గర, తర్వాత చెవుల దగ్గర. డాక్టరమ్మ మళ్ళీ స్టెతస్కోపు పెట్టి, కళ్ళు మూసుకుని, బరువుగా ఊపిరి వదిలింది.

"దగ్గరికొచ్చింది," అంది.

చేతి గొట్టాన్ని పూర్తిగా లాగేశారు. అంత పొడుగు దారం అంత చిన్న చేతిలోంచి వస్తూనే ఉండడం అమ్మమ్మ చివరిదాకా చూసింది. కాలికి వేరే సూది పెట్టారు.

పెద్ద డాక్టరు వచ్చాక అల్లుడిని కూడా పిలిపించారు. డిపో నుంచి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. పెద్ద డాక్టరు దాచుకోకుండా చెప్పాడు. గొట్టం పెట్టాక ఎక్స్‌రే తీశారు. తీసేటప్పుడు కదలకుండా చేయి చాపి పట్టుకున్నారు. బొమ్మలో గొట్టం కొస గుమ్మం దగ్గరే ఉంది, బాగుందనుకున్నారు. తర్వాత చేతిని మడిచి గూడులో పెట్టారు. మోచెయ్యి మడిచి ఒంటికి చేర్చినప్పుడల్లా గొట్టం ముందుకు జరుగుతుంది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి గుండె గోడకు ఆనుకుంది. ఆ గోడ కాగితమంత పల్చన, తెల్లటి ద్రవం అందులోంచి బయటి సంచిలోకి ఊరింది.

"చేయి మడిచి కూడా ఒక బొమ్మ తీయాల్సింది. ఆ పొరపాటు మాది," అన్నాడు.

అమ్మమ్మ నేల వంక చూస్తూ నిలబడింది. కుట్టుమిషను ముందు కూర్చున్న నాటి నుంచి ఆమె ఎన్ని చొక్కాల చేతులు కొలిచిందో లెక్క లేదు. చేయి చాపి కొలిస్తే మడిచినప్పుడు మణికట్టు బయటపడుతుంది. మడిచే కొలవాలి. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి మాటే అది. ఈ చేతి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తనకే గుర్తు రాలేదు.

"చెయ్యి బయటికి తోసేది డాక్టరుగారూ," అంది చివరికి. "పొద్దుటి నుంచీ తోస్తూనే ఉంది. అరచెయ్యి ఇలా పెట్టి."

"ఈ వయసు పిల్లలు అలాగే విదిలిస్తారమ్మా. దానికి అర్థం ఏమీ ఉండదు."

"ఉండదా?"

పెద్ద సిస్టర్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వరండాలో బెంచీ మీద అల్లుడు, అమ్మమ్మ కూర్చున్నారు. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఇద్దరిదీ ముభావమే. మధ్యలో కూతురు ఉండి మాటలు అటూ ఇటూ మోసేది.

"నేనే మడిచానయ్యా," అంది ఆమె. "అది తోసింది. నేను మళ్ళీ మడిచాను. గుడ్డ కూడా బిగించాను. చివరికి చేత్తో పట్టుకుని మరీ మడిచి ఉంచాను."

అల్లుడు టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"నిన్న సాయంత్రం నేనూ మడిచాను అత్తయ్యా. బయటికి పెట్టింది. చలేస్తుందేమో అనుకున్నాను." టోపీ బెంచీ మీద పెట్టి, "అరచెయ్యి మీరు చెప్పినట్టే పెట్టింది. నేను దానికి చెయ్యూపి వెళ్ళాను," అన్నాడు.

మధ్యాహ్నం చక్రాల కుర్చీ వచ్చింది. కూతురిని పైకి తేవడం ఇవాళ్టికి ఆపుదామా అని సిస్టర్ అడిగింది. అల్లుడు వద్దన్నాడు. కూతురికి కొత్త చీర కట్టారు, మొహం కడిగారు. పెట్టె దగ్గర కుర్చీ ఆపి, సిస్టర్ గుడ్డ ఎత్తింది.

కూతురు వేలి కొసలతో అద్దం మీద పిల్ల ఉన్నంత మేరా తడిమింది. గుప్పెడమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. రొమ్ము కింద చిన్న దూది పట్టీ. కుడి చేయి పక్కకు చాపి ఉంది, గొట్టం తీసినచోట చిన్న పట్టీ. గూడు ఆ వైపు ఎవరూ కట్టలేదు. కట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"ఈ చెయ్యేంటి ఇలా బయట పడేశారు? చలెయ్యదూ?" అంటూ కూతురు పక్క కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. బిడ్డను తాకడం అదే మొదలు. వేళ్ళు ఆ చిట్టి మోచేతి కిందికి వెళ్ళాయి.

అమ్మమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. అల్లుడు భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి.

"ఏమైంది?" అంది కూతురు బెదిరిపోయి.

"ఏం కాలేదు," అంది సిస్టర్ మెల్లగా. "ఇప్పుడు మడవచ్చు. ఆ చేతిలో ఏమీ లేదు."

ఎవరూ కదలలేదు. కూతురు చెయ్యి పెట్టెలోనే ఉండిపోయింది, తల్లి పట్టు ఆమె మణికట్టు మీదే ఉండిపోయింది. అప్పుడు గుప్పెడమ్మ కుడి చేయి కదిలింది. విప్పి ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. మోచెయ్యి వంగింది. తొందర లేకుండా, ఎవరూ పట్టుకోకుండా, ఆ పిడికిలి మూతి దగ్గరికి వచ్చి చేరింది. పిల్ల దాన్ని చప్పరించింది.

కూతురు నవ్వింది. మిగతా ముగ్గురూ నవ్వలేదు.

"చూశావా అమ్మా, తనే మడుచుకుంది," అంది కూతురు.

"చూశానే," అంది అమ్మమ్మ.

జరిగింది అక్కడ చెప్పలేదు. కిందికి వచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, తలుపు వేసి అల్లుడే చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు, ఏదీ దాచలేదు. తన చేయి గురించి చెప్పాడు. అత్తగారి చేయి గురించి చెప్పబోయి ఆగిపోతే, ఆ ముక్క ఆమే పూర్తి చేసింది. కూతురు దుప్పటి అంచును వేళ్ళకు చుట్టుకుంటూ విన్నది. ఏడవలేదు. దుప్పటి వదిలేసి అడిగింది.

"ఎవరూ అన్నం తినలేదు కదా?"

అల్లుడు క్యారియరు విప్పాడు. మంచం మీదే కాగితం పరిచి మూడు పళ్ళాలు పెట్టారు. కిటికీలోంచి వెలుతురు వచ్చింది, కొంచెం పసుపు తిరిగింది. క్యారియరు గిన్నెలకు గోడ మీద పల్చటి నీడలు పడ్డాయి. అమ్మమ్మ వాటి వంక చూసి, చూపు పళ్ళెంలోకి దించుకుంది. అన్నం కలిపింది. ముద్ద చేసింది. చేయి పళ్ళెం దగ్గరే ఆగిపోయింది.

ఎదురుగా కూతురు ముద్ద ఎత్తింది. ఆమె మోచెయ్యి వంగింది, చేయి నోటి దగ్గరికి వెళ్ళింది. పక్కన అల్లుడి మోచెయ్యి వంగింది. ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. అమ్మమ్మ కూడా మోచెయ్యి వంచింది.

ముగ్గురూ తిన్నారు.